చిన్నది, పెద్దది, చిన్నది

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రెండు సంస్థానాలున్నాయి, వాటి మధ్య కృష్ణ పారుతుంది. ముప్పై ఏళ్ల స్నేహం ఉంది, గుప్త భాష ఉంది, ఒకరి చేతిని ఇంకొకరు దొంగిలించడం ఉంది, నమ్మకద్రోహం ఉంది, చావు ఉంది. పాఠకులు జర సర్దుకుని కూర్చోవాలి.

కూర్చున్నారు కదా. ఇప్పుడు అసలు సంగతి. సంస్థానాలు ఎప్పుడో పోయాయి. మిగిలినవి వనపర్తి బస్టాండు, గద్వాల బస్టాండు. కృష్ణను బస్సు బీచుపల్లి దగ్గర ఒక పల్లీల పొట్లం అయిపోయేలోపు దాటేస్తుంది. గుప్త భాషలో నాకొచ్చింది ఒకే ఒక్క అక్షరం. నమ్మకద్రోహం నాది, అది చేస్తున్నప్పుడు నా ఎడమ చేతిలో సమోసా ఉంది. కావ్యాల్లో ద్రోహులకు కనీసం గుర్రమైనా ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం నా సెల్లుకు మెసేజ్ వచ్చింది. వచ్చినప్పుడు మోగే చప్పుడు ఊరందరికీ తెలుసు: మూడు పొట్టివి, రెండు పొడుగువి, మూడు పొట్టివి. అది వట్టి చప్పుడు కాదని, పాత తార్ భాషలో "ఎస్, ఎమ్, ఎస్" అనే మూడు అక్షరాలని నాకు చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషి పోయారని మెసేజ్. నాగర్‌కర్నూల్ నుంచి ఆయన కూతురు పంపింది. "నాన్న పొద్దున పోయిండు. రేపు పది గంటలకు." అంతే. తండ్రి పోలికే, మాటకింత అని లెక్కకట్టినట్టు రాసింది.

ఆయన్ని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, కాబట్టి నేనూ పిలవను. తార్ సారు. తార్ ఆఫీసులో, అంటే టెలిగ్రాం ఆఫీసులో, కూర్చుని టకటకమని వార్తలు పంపడం, అందుకోవడం ఆయన పని. ఆ కొలువు పోయి, ఆ యంత్రం పోయి, ఆయన పింఛనులోకి వచ్చి ఎన్నో ఏళ్లైనా వీధిలో నడుస్తుంటే కొందరు ముసలమ్మలు గుమ్మం లోపలికి తప్పుకునేవారు. తార్ అంటే చావు కబురు కదా. "కాయితం తెచ్చేటోడు ప్యూను, నేను గాదు" అని ఆయన ముప్పై ఏళ్లు వివరించారు. ఎవరూ వినలేదు. ఊరి చావులన్నీ ఆయన కుడిచేతి కింది నుంచి పోయాయన్నది మాత్రం నిజమే.

ఆయన మాట్లాడే తీరు: "కరెంటు పోయింది. రాదు." "ఉల్లిగడ్డ కుళ్లింది. కొనకు." పొడుగ్గా మాట్లాడటం ఎప్పుడో ఒకసారి. అందులో మొదటిది ఆ సెల్లు చప్పుడు సంగతే.

"పెబ్బేరు బస్సుల పోతుంటే ఒకాయన జేబుల సెల్లు మోగింది. ఎస్సెమ్మెస్, ఎస్సెమ్మెస్ అని మొత్తుకుంటుంది. నలభై మంది ఉన్నరు బస్సుల. ఒక్కడు ఇనలే. నేనే పోయి చెప్పిన, అయ్యా నీకు ఎస్సెమ్మెస్ వచ్చిందని. 'మోగింది గద, నాకూ ఇనబడ్డది' అన్నడు."

"మరి ఇన్నడు గద సార్."

"మోగుడు ఇన్నడు. మాట ఇన్నడా?"

నేను పగలబడి నవ్వాను. ఆ ప్రశ్న నా కోసమే వస్తోందని అప్పుడు తెలియదు.

ఇంకో అలవాటు ఉండేది. ఆయనకు ఎవరేం చెప్పినా, ఏం ఇచ్చినా, నోటితో సరే అనేవారు కాదు. దగ్గరున్న దేని మీదైనా చూపుడువేలితో మూడు దెబ్బలు: ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అది ఆర్ అనే అక్షరం. తార్‌లో దానర్థం "అందింది". టీ తెస్తే గ్లాసు మీద కొట్టేవారు. టికెట్ ఇస్తే కండక్టరు సంచి మీద కొట్టేవారు. ఒక కండక్టరు కొట్లాటకు కూడా వచ్చాడట. "మా ఇంటామె ముప్పై ఎనిమిదేండ్లు తిట్టింది. ఒక్క తిట్టుకు ఆర్ ఇయ్యకుంట లేను" అనేవారు, పోయిన భార్య గురించి. రేకుల మీద వాన పడుతుంటే చెవి అటు పెట్టేవారు. "ఏమంటుంది సార్ వాన?" అంటే, "అన్నీ తప్పులే" అనేవారు.

అప్పటికి నేను డిగ్రీలో ఒక సబ్జెక్టు దగ్గర బండి ఇరుక్కుపోయి, బస్టాండు ఎదురుగా మా మామ ఎస్టీడీ బూతులో కూర్చునేవాణ్ణి. ఆయన రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చేవారు. అద్దాల క్యాబిన్‌లోకి పోయి గద్వాలకు ఫోన్ చేసేవారు. హలో అనేవారు కాదు. జేబులోంచి అర్ధరూపాయి బిళ్ల తీసి రిసీవర్ మాట్లాడే వైపు చిల్లుల మీద కొట్టేవారు, గీకేవారు. చిన్నదానికి టక్ అని ఒక దెబ్బ. పెద్దదానికి చిల్లుల మీద గర్ర్ అని ఒక గీత. కాసేపు ఇవతల నుంచి, కాసేపు అవతల నుంచి. మధ్యలో నవ్వేవారు కూడా.

మొదటిరోజు అడిగాను. "ఏంది సార్, ఫోనుకు దిష్టి తీస్తున్నరా?"

క్యాబిన్ అద్దం మీద ఆర్ కొట్టి వెళ్లిపోయారు. నా జోకులన్నిటికీ అదే జవాబు. అందింది. నవ్వు వస్తుందని మాత్రం ఎక్కడా రాసిలేదు.

అవతల ఉన్నది గద్వాల తార్ బాబు. ముప్పై ఏళ్లు వీళ్లిద్దరూ ఒకే తీగకు రెండు కొసల్లో కూర్చున్నారు. ఎదురుపడి కలిసింది రెండుసార్లు. ఒకసారి ఎవరిదో పెళ్లిలో, ఒకసారి సమ్మెలో. రెండుచోట్లా గోల ఎక్కువై మాట్లాడుకోలేదట. కానీ ఒక్క దెబ్బ వినగానే అవతల కూర్చున్నది ఎవరో తెలిసిపోయేది. మనిషికో చేవ్రాలు ఉన్నట్టే తార్ పంపే చేతికీ ఒక తీరు ఉంటుంది. "వానికి జరమొస్తే నాకు ముందు తెలుస్తుండె, వాని పెండ్లానికి తర్వాత" అనేవారు. అప్పటికి గద్వాల బాబుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో స్టీలు పళ్లెం మీద చెంచాతో కొడితే, భార్య రిసీవర్ పక్కన పెట్టేది. ఆమెకు ఆ భాష రాదు. ప్రపంచంలో ఆయన మాట అర్థమయ్యేది ఒక్క మనిషికి. ఆ మనిషి నా బూతుకు వచ్చేవారు.

ఒకరోజు ఫోనయ్యాక ఆయన వెళ్లలేదు. స్టూలు మీద కూర్చున్నారు.

"కంటికి పొర వచ్చింది. నాగర్‌కర్నూల్‌ల ఆపరేషన్. పది దినాలు బిడ్డ దగ్గర ఉండాలె."

"మంచిదే గద సార్. పోయి రాండ్రి."

"వానికి చెప్పొద్దు. వాని తమ్ముడు ఆపరేషన్ బల్ల మీదనే పోయిండు. ఆపరేషన్ అంటే చాలు, పరేషాన్ అయితడు. డాక్టరు వానికి గాబరా కావద్దన్నడు."

"మరి ఫోన్?"

"నువ్ చేస్తవ్."

"నాకు ఏబీసీడీలే సక్కగ రావు సార్."

"ఒక్కటి నేర్చుకో. ఆర్."

ఏర్పాటు ఇది. వేలికి గోరుచుట్టు లేచిందని, పది రోజులు ఎక్కువ కొట్టలేనని పోయే ముందురోజు స్నేహితుడికి అబద్ధం చెప్తారు. రోజూ ఐదింటికి గద్వాల స్నేహితుడు ఒక్క ఆర్ కొడతాడు, క్షేమమని. ఇక్కడి నుంచి ఒక్క ఆర్ పోతుంది, అందిందని. అంతే. నేను నోరు విప్పకూడదు. కొట్టేది నేనని అవతల తెలియకూడదు. అంటే నేను నేర్చుకోవలసింది వట్టి ఆర్ కాదు, ఆయన ఆర్.

ఇరవై రోజులు పట్టింది. నవ్వకండి, నేను అప్పుడే చాలా నవ్వాను. ఆయన ఆర్‌లో మొదటి దెబ్బ మెత్తన. గీత కొంచెం సాగుతుంది. చివరి దెబ్బ మాత్రం కదులుతున్న బస్సు ఎక్కినట్టు తొందరగా పడుతుంది. నాది మూడూ ఒకే కొలతలో, తలుపు కొట్టినట్టు వచ్చేవి.

"అది ఆర్ కాదా సార్?"

"ఆర్ అయితే ఆర్. కని నాది గాదు. పోలీసోనిది."

మళ్లీ కొట్టించేవారు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. వినడం కూడా నేర్పారు. ఆయన రకరకాలుగా కొడతారు. అందులో ఆర్ వచ్చినప్పుడు మాత్రమే నేను చెయ్యి ఎత్తాలి. పద్దెనిమిదో రోజుకు తప్పు లేకుండా ఎత్తగలిగాను. ఇరవయ్యో రోజు నేను కొడితే ఆయన కళ్లు తెరిచి చూశారు, తనే కొట్టారేమోనని తన వేలు కూడా చూసుకున్నారు. ఆ బిళ్ల నా చేతిలో పెట్టారు.

"నా చెయ్యి నీకిస్తున్న. ఒక్కటి యాదుంచుకో. ఆర్ గాకుండ ఇంకేమన్న వచ్చిందనుకో, ఒక్క దెబ్బ ఎక్కువొచ్చినా సరే, ఆర్ ఇయ్యకు. ఫోన్ పెట్టేయ్. నాకు ఫోన్ చెయ్." కూతురి పక్కింటివాళ్ల నంబరు నా గోడ క్యాలెండరు మీద రాశారు. "ఆల్లింట్లకెల్లి నేనే గద్వాలకు కొట్టొచ్చు గని, పొద్దుమాపు టకటక కొడితే నన్ను కంటి దవాఖాన నుంచి పిచ్చి దవాఖానకు పంపుతరు."

"ఆర్ ఇస్తే ఏమైతది సార్?"

అప్పుడు ఆయన మామూలుగా వాడే మాటలకన్నా నాలుగు ఎక్కువ ఖర్చుపెట్టారు. "తార్ పంపినోడు కాయితాన్ని కొక్కేనికి తగిలిస్తడు. ఆర్ వచ్చేదాకా తియ్యడు. ఆర్ వస్తే తీసేస్తడు. నువ్ రాసుకోకుండ ఆర్ ఇచ్చినవనుకో, ఆడ కాయితం పాయె, ఈడ మాట పాయె. ఇగ ఆ మాట దునియాల యాడా ఉండదు." బిళ్ల మీద నా వేళ్లు ముడిచారు. "ముప్పై ఏండ్లల్ల నేను ఒక్క దొంగ ఆర్ ఇయ్యలే."

నేను బల్ల మీద ఆర్ కొట్టాను. ఆయన తీరులోనే. చాలా అందంగా వచ్చింది.

మొదటి ఐదు రోజులు సాఫీగా నడిచాయి. గద్వాల కలిపేవాణ్ణి, అవతల ఎత్తేవారు, రిసీవర్ కింద పెట్టిన చప్పుడు, పళ్లెం మీద చెంచా: టక్, గర్ర్, టక్. నేను బిళ్లతో: టక్, గర్ర్, టక్. పెట్టేసేవాణ్ణి. నాకు నేనే గూఢచారిలా అనిపించేవాణ్ణి, జీతం లేనివాడిలా.

ఆరో రోజు నా దోస్తులు ఇద్దరు వచ్చారు, సమోసాలతో. ఐదు కావొచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా.

"ఒక తమాషా చూపిస్తా, రాండ్రి" అన్నాను.

ముగ్గురం క్యాబిన్‌లో ఇరుక్కున్నాం. నంబరు కలిపాను. చెంచా మోగింది. ఆర్ కాదు. ఆగలేదు. టక్కు, గీత, గీత, టక్కు టక్కు, ఆగి, మళ్లీ. పొడుగ్గా, ఎడమచేత్తో తడబడుతూ, మధ్యలో చెంచా జారి కిందపడి, ఎవరో అందించినట్టు మళ్లీ మొదలై. నేను రిసీవర్‌ను దోస్తుల చెవుల దగ్గర పెట్టాను.

"ఏందిరా ఇది, వడ్రంగి పిట్టనా?" అన్నాడు ఒకడు.

"గద్వాల ఆకాశవాణి. వార్తలు" అన్నాను.

"ఏమంటుండు?"

"బంగారం ధర పెరిగింది, వాన పడదు, నీకు పిల్ల దొరకదు."

పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు తెలుసు. ఇది ఆర్ కాదని నాకు తెలుసు; ఇరవై రోజులు దాని కోసమే చెయ్యి ఎత్తాను. పెట్టెయ్యాలి, క్యాలెండరు చూసి ఫోన్ చెయ్యాలి. నా ముందు మూడు ఫోన్లున్నాయి. ఫోన్ చేయడమే నా కొలువు. కానీ అవతల చెంచా ఆగింది, ఇవతల ఇద్దరూ నా మొహం చూస్తున్నారు, జోకుకు ఒక ముగింపు కావాలి. సమోసా ఎడమచేతిలోకి మార్చి, కుడిచేత్తో బిళ్ల తీసి, మెత్తగా ఒకటి, సాగదీసి ఒకటి, బస్సు ఎక్కినట్టు ఒకటి.

అందింది.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

ఏడో రోజు, ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు మళ్లీ ఒక్క ఆర్ మాత్రమే వచ్చింది. చూశావా, ఏమీ కాలేదు అనుకున్నాను. నాలాంటివాడు పెద్ద ప్రమాదం ఏమీ చేయలేడని నాకు నా మీద గొప్ప నమ్మకం.

పదో రోజు ఆయన నల్లద్దాలతో దిగారు. నేరుగా బూతుకే వచ్చారు.

"అన్నీ వచ్చినయా?"

"వచ్చినయ్ సార్."

"అన్నీ ఆర్లేనా?"

"అన్నీ ఆర్లే సార్."

బల్ల మీద వేలు లేచింది. నా అబద్ధానికి ఆయన ఆర్ ఇచ్చారు. క్యాబిన్‌లోకి పోయి గద్వాల కలిపారు. బిళ్ల కొట్టబోయి ఆగిపోయారు. అవతల మొదటిసారి మనిషి గొంతు వచ్చింది. మధ్యాహ్నమే పోయాడట. కొడుకు రావాలి, తెల్లారి తీస్తారట.

మర్నాడు మొదటి బస్సుకు ఆయన చెయ్యి పట్టుకుని గద్వాల తీసుకుపోయాను. కొత్త కన్నుకు దుమ్ము తగలొద్దని, ఆయన నన్ను తోడు అడిగారు. అడగడానికి ఊళ్లో నాకన్నా మంచివాడు దొరకలేదు పాపం.

ఆయన్ని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. లోపల ఆయన మంచం గదిలో అడ్డంగా ఉంది, తలాపు గోడవైపు కాకుండా, కాళ్లు గుమ్మానికి ఎదురుగా. ఆయన భార్య తార్ సారును చూసి లేచింది. ముందు ఎప్పుడూ చూడకపోయినా పోల్చుకుంది.

"వచ్చినవాన్నా. నాలుగు దినాలు ముందు రాకపోతివి."

ఆయన మంచం పట్టె పట్టుకుని నిలబడ్డారు.

"ఆ దినం శానాసేపు కొట్టిండు. చెంచా కింద పడ్తే నేనే అందిచ్చిన. నీ జవాబు వచ్చినంక ఒకటే నవ్వుడు. తెల్లారంగనే సైగ జేసి మంచం తలుపు దిక్కు తిప్పమనె. తెల్లంగి తొడగమనె. నాలుగు దినాలు అంగి ఇప్పనియ్యలే అన్నా. బస్సు సప్పుడైతే చాలు, లేపి కూసోబెట్టమనె. నిన్న పోయేముందు పగటీలి బస్సు గుడ చూసిండు."

నల్లద్దాలు నావైపు తిరిగాయి. అద్దాల వెనక ఏముందో కనబడలేదు. నేను నేలవైపు చూశాను. గచ్చు ఎర్రగా, శుభ్రంగా ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నోరు తెరిస్తే చాలు: అమ్మా, ఆ జవాబు నాది.

ఆయనే మాట్లాడారు. "అందిందమ్మా. నాకు అందింది. నేనే రాలేకపోయిన."

ముప్పై ఏళ్లలో ఒక్కటీ ఇవ్వని దొంగ ఆర్‌ను ఆ మనిషి, నోటితో, నా కోసం ఇచ్చేశారు. ఆమె కళ్లు తుడుచుకుంది. స్నేహితుడు వస్తానని రాలేదనే కోపం ఇక ఆయన మీద ఉంటుంది, నా మీద కాదు. నేను పక్కన, దారి చూపడానికి వచ్చిన మంచి పిల్లవాణ్ణి. నాకు ఛాయ్ కూడా ఇచ్చింది.

బయల్దేరే ముందు ఆయన ఆ స్టీలు పళ్లెం అడిగి తీసుకుని వేళ్లతో తడిమారు. గీతల మీద గీతలు. ఎన్ని నెలల మాటలో. ఏది ఆ రోజుదో ఎవరు చెప్పగలరు?

తిరుగు బస్సు బీచుపల్లి వంతెన దాటింది. తర్వాత మెల్లగా అడిగారు.

"శానాసేపు కొట్టిండా?"

"కొట్టిండు సార్."

"మొదలు ఎట్ల వచ్చింది? చిన్నదా, పెద్దదా?"

నేను నల్లద్దాల వైపు చూడకుండా టికెట్ మడతపెట్టాను.

"యాదున్నకాడికి కొట్టు బిడ్డా. ఈ కడ్డీ మీద కొట్టు. నేను పోల్చుకుంట."

తిట్టి ఉంటే బాగుండేది. ముందు సీటు కడ్డీ మీద వేలు పెట్టాను. నాకు గుర్తున్నది ఏమిటి? దోస్తుల నవ్వు. వడ్రంగి పిట్ట. బంగారం ధర. నలభై మంది ఉన్న బస్సులో మోగుడు విన్నవాణ్ణి నేను. ఏదో నాలుగు దెబ్బలు కొట్టాను, రెండు గీతలు గీశాను. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఇంకోసారి కొట్టమన్నారు. రెండోసారి మొదటిదానిలా రాలేదు.

"అది ఏ అక్షరం గాదు బిడ్డా" అన్నారు. కిటికీ వైపు తిరిగారు.

"రమ్మన్నడేమో సార్" అన్నాను.

"రమ్మనేటందుకు అంతసేపు పట్టదు."

ఆ తర్వాత కూడా ఆయన కొన్నాళ్లు ఐదింటికి వచ్చేవారు. క్యాబిన్‌లోకి పోయేవారు కాదు. మొదటిరోజు టీ తెప్పించాను. గ్లాసు బల్ల మీద పెట్టగానే వేలు లేచింది. లేచి, గాలిలో ఆగి, ముడుచుకుని, గ్లాసు పట్టుకుంది.

"సరే" అన్నారు నోటితో.

ఇక ఎప్పుడూ ఆ మూడు దెబ్బలు వినలేదు. బిళ్ల వాపసు ఇవ్వబోతే, "ఉంచుకో, నా చెయ్యి గద" అన్నారు. కోపంగా కాదు. ఉన్న సంగతి చెప్పినట్టు. కొన్ని నెలలకు కూతురి దగ్గరికి నాగర్‌కర్నూల్ వెళ్లిపోయారు. మూడేళ్లయింది. బిజినేపల్లి మీదుగా గంటన్నర దారి. నేను ఒక్కసారీ పోలేదు. పనులున్నాయని చెప్పుకున్నాను, నా పనులు తెలిసినవాళ్లెవరూ దాన్ని నమ్మరు.

ఎస్టీడీ బూతు తీసేశాం. అదే గదిలో ఇప్పుడు రీచార్జ్ కార్డులు అమ్ముతాను. అద్దాల క్యాబిన్‌లో చీపుర్లు పెడుతున్నాం. ఇవాళ ఆ మెసేజ్‌ను నాలుగుసార్లు చదివాను. ఒక్క మాట కూడా వదలకుండా, అర్థం చేసుకుంటూ చదివాను. నిజాయితీగా ఆర్ ఇవ్వగల మొదటి వార్త నాకు ఇన్నాళ్లకు వచ్చింది. రేపు పొద్దున పోతాను, అది వేరే. ముందు జవాబు పోవాలి కదా, కొక్కెం మీద కాయితం ఉంటుంది. ఒక్క అక్షరమే కొట్టి, పంపమని నొక్కాను.

పోలేదు. బ్యాలెన్స్ అయిపోయింది. దుకాణంలో పది రూపాయల కార్డులు కూడా లేవు. అవి తెచ్చే అతను సోమవారం వస్తాడు.